స్లిప్పు రాని వార్డు

ఆసుపత్రి వంటింట్లో మూలన ఒక చిన్న ప్రింటరు ఉంది. ట్రేలక్కకీ దానికీ ఎప్పుడూ పడదు. కాసేపు గరగరమంటుంది, కాసేపు మూలుగుతుంది, అప్పుడు దయతలచి ఒక స్లిప్పు కక్కుతుంది. ఫలానా వార్డు, ఫలానా మంచం, ఉప్పు లేకుండా. ఫలానా మంచం, షుగరు మనిషి. ఫలానా మంచం, పళ్ళు లేవు, మెత్తగా నలిపి ఇవ్వాలి. ఆ స్లిప్పుని ట్రే అంచున క్లిప్పుకి తగిలించి, మూత వేసి, బండిలోకి తోసేయడం ఆమె ఉద్యోగం. పై అంతస్తుల్లో పడుకున్నవాళ్ళ మొహాలు ఆమె ఎన్నడూ చూసింది లేదు. ఆమెకి తెలిసిందల్లా మంచాల నంబర్లూ, వెనక్కి వచ్చే ఎంగిలి ట్రేలూ.

ట్రేలక్క అనేది ఆమెకి అమ్మానాన్నా పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఆ వంటింట్లో ఎవరి పని వాళ్ళకి పేరైపోయింది. గిన్నెలు తోమే ఆవిడ గిన్నెలత్త. అందరి మీదా పెత్తనం చేసే ఇన్‌చార్జి మాత్రం టోపీ సారు. నెత్తిన కాగితం టోపీ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఇంట్లో పడుకునేటప్పుడైనా తీస్తాడో లేదో వాళ్ళావిడనే అడగాలి.

ఆ రోజు పొద్దున కింది వార్డుల స్లిప్పులు మామూలుగానే వచ్చాయి. పిల్లల వార్డువీ వచ్చాయి. రెండో అంతస్తు వార్డు వంతు వచ్చేసరికి ప్రింటరు మూగనోము పట్టింది. ట్రేలక్క దాని నెత్తి మీద ఒకటిచ్చింది. మూత తీసి కాగితం సర్దింది. ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత మూడో అంతస్తు స్లిప్పులు మాత్రం చకచకా రాలిపడ్డాయి.

రెండో అంతస్తు ట్రేలు అప్పటికే బల్ల మీద బారుగా ఉన్నాయి. స్లిప్పులు వచ్చాక మొదలుపెడితే పైవాళ్ళు తినేసరికి పొద్దెక్కిపోతుంది కాబట్టి, ట్రేలక్క ముందే జావ పోసి, రొట్టె ముక్కలు పెట్టి, మూతలు వేసి ఉంచుతుంది. స్లిప్పు వచ్చాక ఉప్పు పొట్లం తీసేయడమో, పండు మార్చడమో చేస్తుంది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు.

"సార్, రెండో అంతస్తువి రాలేదు" అంది.

టోపీ సారు పెసర గింజంత కూడా కంగారు పడలేదు. "రాకపోతే పంపకు. స్లిప్పు లేని ట్రే గుమ్మం దాటకూడదని నీకు నేను చెప్పాలా?"

ఆయన చెప్పక్కర్లేదు. అది ఆ వంటింట్లో అందరికీ కంఠతా వచ్చిన సూత్రం. ఆపరేషనుకి వెళ్ళాల్సిన మనిషి కడుపు ఖాళీగా ఉండాలి. పొరపాటున తిండి పెడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని స్లిప్పు రాలేదంటే ఆ మనిషికి ఆ పూట ఏమీ పెట్టొద్దని అర్థం. ఎవరూ ఫోన్ చేసి అడగరు, ఎవరూ ఎదురు చెప్పరు.

"వార్డు మొత్తానికీ ఒకేసారి ఆపరేషన్లా సార్? అక్కడుండేది షుగరోళ్ళూ, ఆయాసం వాళ్ళూ కదా. అక్కడ కత్తి పెట్టే పనే లేదు."

"రక్త పరీక్షలేమో! డాక్టర్ల సంగతి మనకెందుకు తల్లీ. నువ్వు డాక్టరువా, నేను డాక్టర్నా?"

ఇద్దరూ కాదు.

ఇంతలో కంప్యూటర్లు చూసే ఆయన చెమటలు కక్కుతూ వచ్చి ప్రింటరు వెనకాల తీగలు పీకి మళ్ళీ గుచ్చాడు. "మన దగ్గర తప్పేమీ లేదమ్మా. ఇక్కడున్నవన్నీ ఉత్త తెరలే. బుర్రంతా ఎక్కడో కంపెనీవాళ్ళ క్లౌడ్‌లో ఉంది. అక్కడ ఏదో ఊడింది."

"ఊడితే మొత్తం ఊడాలి కదా. మిగతా వార్డులవి వస్తున్నాయే?"

"సగం ఊడింది" అన్నాడు, తనకీ అది బోధపడనట్టు. "మందుల బీరువాలు తెరుచుకుంటున్నాయి. ఫోన్లు మోగుతున్నాయి. రిపోర్టులు రావట్లేదు. అన్నిటినీ ఒకే తాడుకి కట్టారు, ఎక్కడ తెగిందో లాగితే గానీ తెలీదు." అని, మూడో అంతస్తు నుంచి ఎవరో కేకేస్తే అటు పరిగెత్తాడు.

గోడకున్న ఫోన్ మోగింది. ట్రేలక్క భుజంతో రిసీవరు నొక్కి పట్టుకుంది. రెండు చేతులకీ జావ అంటుకుని ఉంది.

"అక్కా, రెండో అంతస్తు. ట్రేలు బయల్దేరాయా? షుగరు సూదులు వేసే టైమవుతోంది" అంది అవతల ఒక లేత గొంతు.

"లిఫ్టులో ఉన్నాయి" అంది ట్రేలక్క.

అబద్ధమాడాలని అనలేదు. వంటింటి ఫోన్‌కి ఉన్న జవాబు అదొక్కటే. జావ పొయ్యి మీదే ఉన్నా, ట్రేలు తోమడానికి నీళ్ళలోనే ఉన్నా, ఎవరు అడిగినా లిఫ్టులోనే ఉంటాయి. ఫోన్ ఎత్తి హలో అన్నట్టే అది. పాత నర్సులకి ఆ సంగతి తెలుసు. వంటింటివాళ్ళు లిఫ్టులో ఉన్నాయంటే, ఇంకా చాలా సేపు పడుతుందని లెక్కేసుకుని వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు. ఈ పిల్ల కొత్త. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

"హమ్మయ్య" అని ఫోన్ పెట్టేసింది.

ట్రేలక్క మూడో అంతస్తు బండి నింపి తోసేసింది. రెండో అంతస్తు ట్రేలు బల్ల మీదే ఉన్నాయి. మూతల లోపల ఆవిరి చెమ్మపట్టి, చెమ్మ నీళ్ళై జారింది. ఆమె అటూ ఇటూ తిరుగుతూ వాటి పక్క నుంచే వెళ్ళింది. ఒకసారి చెయ్యి వేసి చూసింది. గోరువెచ్చగా ఉన్నాయి. ఇంకోసారి చూసేసరికి చల్లారిపోయాయి.

కబురు మోసుకొచ్చింది గిన్నెలత్త. ఎంగిలి ట్రేల కోసం పైకి వెళ్ళిన మనిషి ఉత్త చేతులతో దిగి వచ్చింది.

"పైన గందరగోళంగా ఉందే. కిటికీ పక్క మంచం ఆయన స్పృహ లేకుండా పడున్నాడు. ఒళ్ళంతా తడిసి ముద్దైపోయిందట. సూది వేశారట, తిండి మాత్రం పెట్టలేదట, షుగరు అడుగంటిపోయిందట. మిగతా వాళ్ళకి పక్కనున్న చుట్టాలు బిస్కెట్లో పళ్ళో ఏదో ఒకటి పెట్టారు. పాపం ఈయన పక్కన ఎవరూ లేరు. కూతురు పనికి వెళ్ళింది. నిద్రపోతున్నాడనుకున్నారట, నిద్ర."

టోపీ సారు టోపీ సవరించుకున్నాడు. "మనకి స్లిప్పు రాలేదు" అన్నాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. అయినా ఇంకోసారి అన్నాడు. "రాలేదు. అంతే."

ట్రేలక్క చాకు తీసుకుని మధ్యాహ్నానికి కూరగాయలు తరగడం మొదలుపెట్టింది. గుండె దడదడలాడుతుందేమో అనుకుంది. లేదు. చేతులు వణుకుతాయేమో అని చూసుకుంది. ముక్కలన్నీ ఒకే కొలతలో పడుతున్నాయి.

సాయంత్రం ఇంటికి వెళ్ళి మొగుడికి కంచం పెట్టింది, తను పెట్టుకోలేదు. ఆయన వెల్డింగు పని చేస్తాడు. ఎప్పుడూ కళ్ళు ఎర్రగా ఉంటాయి గానీ పెళ్ళాం మొహం చదవడం మాత్రం బాగానే వచ్చు.

"ఏంటే, ఆ వాలకం?"

చెప్పింది. ఫోన్ సంగతి కూడా చెప్పింది.

ఆయన నమలడం ఆపాడు. "ఆ ఫోన్ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. నిన్నెవరూ అడగలేదుగా? అడిగినప్పుడు చూద్దాం. ఆయనేం పోలేదుగా?"

"పోలేదు."

"మరింకేం. కూర్చుని తిను." ముద్ద కలుపుతూ మళ్ళీ అన్నాడు, "నీ ఉద్యోగం పోతే ఇంకో చోట ఇస్తారనుకుంటున్నావా? ఏ ఆసుపత్రికి వెళ్ళినా అదే కంపెనీ కంప్యూటరట. నీ పేరు కొట్టగానే అన్నీ వచ్చేస్తాయట. మా వర్క్‌షాపులో అనుకుంటున్నారు."

అది నిజమో కాదో ఆమెకి తెలీదు. కంచం ముందు కూర్చుంది. ముద్ద నోటి దాకా వెళ్ళి కంచంలోకే దిగింది. ఆకలి లేదని లేచి గిన్నెలు కడుక్కుంది.

మర్నాడు ప్రింటరు ఏమీ ఎరగనట్టు స్లిప్పులు కక్కింది. రెండో అంతస్తువి అన్నిటికంటే ముందే వచ్చాయి. కిటికీ పక్క మంచానికి స్లిప్పు లేదు. ఆయన ఇంకా కళ్ళు తెరవలేదని గిన్నెలత్త చెప్పింది. ఆయన కూతురు వరండాలో అందరూ చూస్తుండగా ఆ కొత్త నర్సు చెంప పగలగొట్టిందని కూడా చెప్పింది. "నర్సు మారు మాట్లాడలేదే. అలా నిలబడిపోయింది. అయ్యో పాపమనిపించింది."

భోజనాల బండ్లు వెళ్ళిపోయాక ఆ నర్సే వంటింటికి వచ్చింది. యూనిఫాం లేదు, మామూలు బట్టల్లో ఉంది. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారట. వయసు ఎంతో ఉండదు, బడి వదిలి తిన్నగా ఇక్కడికే వచ్చినట్టుంది. గుమ్మంలో నిలబడి అందరి మొహాలూ చూసింది.

"నిన్న పొద్దున రెండో అంతస్తు నుంచి నేను ఫోన్ చేశాను. ఎవరు ఎత్తారు?"

టోపీ సారు ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, మీ గొంతే కదూ?" అంది ట్రేలక్క దగ్గరికి వచ్చి. "మందుల బీరువా తెరవాలంటే, తిండి వచ్చిందా అని అడుగుతుంది. అవునని నొక్కితేనే సూది మందు బయటికి వస్తుంది. ఆలస్యమైతే ఎర్ర లైటు వెలుగుతుంది, పైవాళ్ళకి చెప్పేస్తుంది. నేను మీకు ఫోన్ చేసి, మీరు లిఫ్టులో ఉన్నాయంటేనే అవునని నొక్కి సూదులు వేశాను. ఈలోగా ఎమర్జెన్సీ అని పక్క గదికి పిలిచారు. ఆ ఒక్క మాట చెప్పక్కా, చాలు. ఫోన్ చేశానని చెప్పు."

ట్రేలక్క చేతిలో తడిగుడ్డ ఉంది. బల్ల తుడుస్తూనే ఉంది.

"పొద్దున ఎన్నో ఫోన్లొస్తాయమ్మా" అంది. "నాకు గుర్తులేదు."

ఆ పిల్ల ఏడుస్తుందనుకుంది. తిడుతుందనుకుంది. అదేమీ చేయలేదు. "సరే అక్కా" అని వెళ్ళిపోయింది. తుడిచిన బల్లనే ట్రేలక్క ఇంకోసారి తుడిచింది. టోపీ సారు ఫ్రిజ్ మూసి, "మంచి పని చేశావు" అన్నాడు. ఆ మాటకి మాత్రం ఆమెకి ఒళ్ళు మండింది. మండినా ఏం చేయాలో తెలియక వెళ్ళి చేతులు కడుక్కుంది.

ఆ తర్వాతి రోజు విచారణ. నర్సుల మీద పెత్తనం చేసే పెద్ద మేడమ్ గదిలో ఏసీ చల్లగా కొడుతోంది. బల్లకి ఒక పక్క మేడమ్, రెండో పక్క నర్సు. టోపీ సారూ ట్రేలక్కా గోడ వారన కుర్చీల్లో కూర్చున్నారు. ఆసుపత్రి యజమానుల తరఫున కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన వచ్చాడు. ఆయన ముందు కంప్యూటరు తెర ఉంది. ఏది అడిగినా ముందు తెరని అడిగి తర్వాత మనుషుల్ని అడుగుతున్నాడు.

వంటింటి వంతు చిటికెలో అయిపోయింది.

"స్లిప్పు రాలేదు. ట్రే వెళ్ళలేదు. అంతేనా?"

"అంతే సార్" అన్నాడు టోపీ సారు.

"మీరు పద్ధతి ప్రకారమే చేశారు. మీవల్ల పొరపాటేమీ లేదు." కళ్ళజోడాయన తెర మీద ఏదో నొక్కాడు. "ఇక సిస్టం సంగతి. కంపెనీవాళ్ళు రాసి పంపారు. ఆ పొద్దున కొంత సేపు అంతరాయం కలిగింది, మధ్యాహ్నానికల్లా అంతా సర్దుకుంది. డేటా ఏదీ పోలేదు." నర్సు వైపు తిరిగాడు. "తిండి వచ్చిందా అన్నదానికి మీరు అవునని నొక్కారు. రాలేదని మీకు తెలుసు. వంటింటికి ఫోన్ చేశానంటున్నారు. ఆ పొద్దున మీ వార్డు నుంచి వంటింటికి ఒక్క కాల్ కూడా లేదు. చూడండి."

"చేశాను సార్."

"డేటా ఏదీ పోలేదని కంపెనీవాళ్ళు చెబుతున్నారమ్మా. ఇందులో లేదంటే మీరు చేయనట్టే."

నర్సు తెర వైపు చూడలేదు. ట్రేలక్క వైపు కూడా చూడలేదు. తన గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. తన వైపు చూసి ఉంటే ట్రేలక్క తల తిప్పేసుకునేదేమో. చూడకపోవడమే ఆమెకి భరించరానిదైంది.

"చేసింది" అంది ట్రేలక్క.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. టోపీ సారు ఆమె మోచెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విదిలించుకుంది.

"ఆ అమ్మాయి ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. ట్రేలు లిఫ్టులో ఉన్నాయని చెప్పాను. లేవు. బల్ల మీదే ఉన్నాయి. ఆ వార్డులో ఆపరేషన్లుండవని నాకు తెలుసు, సూదులుంటాయనీ తెలుసు. నిన్న అడిగితే గుర్తులేదన్నాను. గుర్తుంది. తప్పు నాది."

అనేసింది. ఇప్పుడు నెత్తిన పిడుగు పడుతుందనుకుని కళ్ళు దించుకుంది.

కళ్ళజోడాయన కోప్పడలేదు. ఇంకోసారి తెర కిందికీ పైకీ జరిపి చూశాడు. పెద్ద మేడమే మెత్తగా నవ్వింది.

"మీరు పెద్దమనసుతో చెబుతున్నారని తెలుస్తోందమ్మా. చిన్నపిల్ల ఉద్యోగం పోతుందని మీ బాధ. కానీ లేని ఫోన్ ఉందని మేమెలా రాసుకుంటాం?"

"ఉంది మేడమ్. నా చెవితో విన్నాను. నా నోటితో చెప్పాను."

"సరే, మీరు చెప్పారు, మేం విన్నాం" అన్నాడు కళ్ళజోడాయన. "మీరు వెళ్ళొచ్చు. వంటింటి మీద మాకేం ఫిర్యాదు లేదు."

అలా తప్పు ఒప్పుకున్న మనిషిని భుజం తట్టి బయటికి పంపేశారు. వరండాలో టోపీ సారు పళ్ళు పటపటలాడించాడు. "పిచ్చిదానివా? నీతో పాటు నన్నూ ముంచేసేదానివి. మన అదృష్టం బాగుండి కంప్యూటరు మన పక్కనుంది." ఆమెకి ఏమీ వినిపించనట్టే ఉంది. కాసేపటికి నర్సు బయటికి వచ్చింది. లోపలికి వెళ్ళినప్పుడు మెళ్ళో ఉన్న గుర్తింపు కార్డు ఇప్పుడు లేదు. ట్రేలక్క ముందు ఆగింది.

"నిన్న చెప్పుంటే నమ్మేవాళ్ళేమో అక్కా" అంది. కోపంగా కాదు, మామూలుగా అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ట్రేలక్క కిందికి దిగలేదు. పైకి ఎక్కింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో రెండో అంతస్తులో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. వార్డు ఎటో తెలియక ఒకామెని అడగాల్సి వచ్చింది. లోపల ఫినాయిలు వాసన. గోడకి మందుల బీరువా, దాని నెత్తి మీద చిన్న పచ్చ లైటు.

కిటికీ పక్క మంచం మీద ఆయన దిండుకి ఆనుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ముందు రోజు రాత్రి తెరిచాడట. మాట రాలేదు. ఎవరినీ గుర్తుపట్టడం లేదు. గడ్డం మాసి, కింది పెదవి ఒక పక్కకి వేలాడుతోంది. కూతురు పక్కన స్టూలు మీద కూర్చుని గిన్నెలో జావ కలుపుతోంది. ముప్పై దాటి ఉంటుంది. బట్టల కొట్టు పేరున్న చొక్కా వేసుకుంది. కళ్ళ కింద నలుపు.

"నేను వంటింట్లో చేస్తానమ్మా" అంది ట్రేలక్క. "ట్రేలు సర్దేది నేనే."

కూతురు తల ఎత్తింది.

"ఆ నర్సు తప్పేమీ లేదు. సూది వేసే ముందు నాకు ఫోన్ చేసింది. ట్రేలు వచ్చేస్తున్నాయని చెప్పాను. నా మాట నమ్మి వేసింది. నేను పంపలేదు. కింద అందరి ముందూ చెప్పాను. కంప్యూటర్లో ఆ ఫోన్ లేదని నమ్మలేదు."

కూతురు చెంచా గిన్నెలో వదిలేసింది. పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు.

"ఆ పిల్లని కొట్టాను నేను" అంది.

"తెలుసమ్మా."

"మీ దగ్గర తిండి లేదా ఆ రోజు?"

"ఉంది. అందరికీ పెట్టి, మూతలేసి ఉంచాను. మీ నాన్నగారిది కూడా. స్లిప్పు ఒక్కటే లేదు."

"మరి ఏం చేశారు దాన్ని? పారబోశారా?"

ఇది ఆమె మొగుడికి చెప్పలేదు. కళ్ళజోడాయనకీ చెప్పలేదు. ఆ మాటకొస్తే తనకి తను కూడా ఈ మూడు రోజుల్లో చెప్పుకోలేదు. మిగిలిన ట్రేలు వంటింటివాళ్ళవే, అది వాళ్ళకి మొదట్నుంచీ అలవాటు. ఆ పొద్దున టోపీ సారు చల్లారిపోయాయి కానివ్వండి అన్నాడు, తలా ఒకటి లాక్కున్నారు. ఆకలి మీద ఉన్నారు. బాగుంది కూడా.

"లేదమ్మా" అంది. "తిన్నాం."

"మీరూనా?"

"నేనూ తిన్నాను. బల్ల చివర్న ఉన్నది తీసుకున్నాను. ఎవరిదో చూసుకోలేదు."

కూతురు ఆమె మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. ట్రేలక్క చెంప దెబ్బ కోసం నిలబడింది. నిజానికి అది పడితే బాగుండుననిపించింది. ఈ మూడు రోజుల్లో ఆమెకి గట్టిగా అనిపించింది అదొక్కటే.

కూతురు స్టూలు మీంచి లేచింది. గిన్నె తీసి ట్రేలక్క చేతిలో పెట్టింది.

"పెట్టండి" అంది. "ఒక్కో చెంచాకీ చాలాసేపు పడుతుంది. మింగాడో లేదో గొంతు చూసుకుంటూ పెట్టాలి. నాకు కొట్టుకి టైమైపోయింది. పొద్దున ఒక పూట మీరు రండి. రోజూ."

సంచి భుజాన వేసుకుంది. నాన్న దుప్పటి సర్ది, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ట్రేలక్క స్టూలు మీద కూర్చుంది. జావ ఇంకా వెచ్చగానే ఉంది. చెంచాతో కొంచెం తీసి, అంచు గిన్నెకి రాసి, ఆయన పెదవి దగ్గర పెట్టింది. పెడుతున్నది ఎవరో ఆయన చూడలేదు. నోరు తెరిచాడు.